గర్భిణుల్లో మలబద్ధకం

గర్భం దాల్చిన స్త్రీలకు మలవిసర్జన అరుదుగా జరగడం, మలం గట్టిపడటం, విసర్జన కోసం బాగా ముక్కాల్సి రావడం, అయ్యాక కూడా ఇంకా మిగిలి ఉన్నట్టే అనిపించడం వంటి లక్షణాలను కలిపి గర్భకాలపు మలబద్ధకం అంటారు. గర్భిణులకు వచ్చే జీర్ణకోశ సమస్యల్లో వికారం, వాంతుల తరువాత ఎక్కువగా కనిపించేది ఇదే. సాధారణంగా దీనివల్ల తల్లికి గానీ కడుపులోని బిడ్డకు గానీ ప్రాణాపాయం ఉండదు. అయినా మొలలకు, మలద్వారం దగ్గర చీలికకు ఇది దారితీస్తుంది. అంతకంటే ముఖ్యంగా, రక్తహీనత నివారణకు ఇచ్చే ఐరన్ మాత్రలను గర్భిణులు మధ్యలో మానేయడానికి ఇదొక ప్రధాన కారణం. భారతదేశంలో ఈ సమస్యకున్న ప్రజారోగ్య ప్రాముఖ్యం చాలావరకు ఈ రెండో అంశం నుంచే వచ్చింది.

నిర్వచనం

ఆరోగ్యవంతుల్లో మలవిసర్జన రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎలా ఉన్నా సహజమే. రోజూ పొద్దున్నే విరేచనం కాకపోతే మలబద్ధకమేనన్న నమ్మకానికి వైద్యపరంగా ఆధారం లేదు. పేగుల పనితీరుకు సంబంధించిన రుగ్మతల నిర్ధారణకు ప్రపంచవ్యాప్తంగా వాడే రోమ్ ప్రమాణాల నాలుగో కూర్పు 2016లో వెలువడింది. దాని ప్రకారం వారానికి మూడుసార్ల కంటే తక్కువ విసర్జన, నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువసార్లు ముక్కాల్సి రావడం, మలం గట్టిగా ఉండటం, పూర్తిగా ఖాళీ కాలేదనిపించడం, మలద్వారం దగ్గర అడ్డుపడినట్టు అనిపించడం, వేలితో సాయం చేసుకోవాల్సి రావడం అనే ఆరు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి. అవి ఆరు నెలల కిందట మొదలై, చివరి మూడు నెలలూ కొనసాగుతూ ఉండాలి. తొమ్మిది నెలల గర్భానికి ఈ గడువు అతకదు. అందుకే గర్భిణుల విషయంలో వైద్యులు కాలపరిమితిని పక్కనబెట్టి లక్షణాలనే చూస్తారు. గర్భానికి ముందున్న అలవాటుతో పోలిస్తే ఏం మారిందన్నది అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న.

మలం రూపాన్ని బట్టి తీవ్రతను అంచనా వేయడానికి ఇంగ్లండులోని బ్రిస్టల్ నగర వైద్యులు రూపొందించి 1997లో ప్రచురించిన ఏడు తరగతుల పట్టిక వాడుకలో ఉంది. మేక పెంటికల్లా విడివిడిగా వచ్చే గట్టి ఉండలు మొదటి తరగతి, అవే ఒకదానికొకటి అంటుకుని ముద్దగా వస్తే రెండో తరగతి. ఈ రెండూ మలబద్ధకాన్ని సూచిస్తాయి. మూడు, నాలుగు తరగతులు సహజమైనవి. అయిదు నుంచి ఏడు వరకు మలం పల్చబడుతూ పోతుంది. ఈ విషయం డాక్టరుతో చెప్పడానికి సిగ్గుపడేవారికి పట్టికలో బొమ్మ చూపించడం తేలిక.

వ్యాప్తి

పరిశోధనలను బట్టి గర్భిణుల్లో సుమారు 11 నుంచి 38 శాతం మందికి ఈ సమస్య ఉంటుంది. లెక్కల్లో ఇంత తేడా రావడానికి నిర్వచనాలు ఒకటి కాకపోవడం ఒక కారణం, ఆహారపు అలవాట్లు వేరు కావడం మరొకటి. నెలలు నిండేకొద్దీ గర్భసంచి బరువు వల్ల మలబద్ధకం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మాత్రం మొదటి త్రైమాసికంలో 24 శాతం, రెండో దానిలో 26 శాతం, మూడో దానిలో 16 శాతం, ప్రసవమైన మూడు నెలలకు 24 శాతం మందిలో మలబద్ధకం కనిపించింది. ఐరన్ మాత్రలు వేసుకునేవారిలోనూ, అంతకుముందు మలబద్ధకానికి మందు వాడినవారిలోనూ ఎక్కువగా ఉన్నట్టు అదే అధ్యయనం గుర్తించింది. అందులో పాల్గొన్నవారు నూరుమంది చిల్లర మాత్రమే కాబట్టి ఆ శాతాలను అందరికీ వర్తింపజేయలేం. అయితే మొదటి నెలల్లోనే సమస్య మొదలవుతుందన్న విషయం ఇతర పరిశీలనలకూ సరిపోతోంది.

చరిత్ర

గర్భిణికి మలం కట్టకుండా చూడాలన్న ఆలోచన ప్రాచీన వైద్యంలోనే ఉంది. చరక, సుశ్రుత సంహితల శారీరస్థానాల్లో నెలవారీగా పాటించాల్సిన గర్భిణీ చర్య వివరంగా ఉంది. నిలవ ఉన్న మలం పోవడానికి, వాతం సరైన దిశలో కదలడానికి ఎనిమిదో నెలలో వస్తికర్మ, అంటే ఔషధ ద్రవాలను మలద్వారం గుండా ఎక్కించే చికిత్స చేయాలని సుశ్రుతుడు చెప్పాడు. చరకుడు తైలవస్తిని తొమ్మిదో నెలకు పేర్కొన్నాడు. తీవ్రమైన విరేచన ఔషధాలను గర్భిణికి ఇవ్వకూడదన్న నియమం కూడా ఆయుర్వేదంలో ఉంది.

ఆస్పత్రుల్లో ప్రసవాలు పెరిగాక ఇరవయ్యో శతాబ్దంలో పురుటి నొప్పులు మొదలవగానే ఎనిమా ఇవ్వడం ఆనవాయితీ అయింది. దానివల్ల ప్రయోజనం లేదని తేలడంతో 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మానుకోవలసిన పద్ధతుల జాబితాలో చేర్చింది. అదే శతాబ్దం ద్వితీయార్ధంలో మలబద్ధకంపై వైద్యుల దృష్టి మందుల నుంచి ఆహారం వైపు మళ్లింది. ఉగాండాలో చాలాకాలం పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, ఆయన సహచరులు పీచు ఎక్కువగా తినే ఆఫ్రికా గ్రామీణుల్లో మలం పరిమాణం ఎక్కువని, అది పేగుల్లో నిలవ ఉండే సమయం తక్కువని 1972లో ప్రకటించారు. అప్పటిదాకా పనికిరాని చెత్తగా చూసిన పీచుపై పరిశోధన ఊపందుకుంది. గర్భిణులకు పీచు ఇచ్చి చూసిన తొలి ప్రయోగాలు 1970, 80 దశకాలవే. పేగులోకి నీటిని లాగే లాక్టులోజ్ 1950ల చివర్లో మలబద్ధకం చికిత్సలోకి వచ్చింది.

కారణాలు

హార్మోన్ల ప్రభావం: గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్ గర్భసంచి కండరాలను సడలించి, నెలలు నిండకముందే నొప్పులు రాకుండా కాపాడుతుంది. పేగు గోడల్లో ఉన్నదీ అదే జాతి నునుపు కండరం కావడంతో ఆ సడలింపు పేగుల మీదా పనిచేస్తుంది. ఫలితంగా ఆహారాన్ని ముందుకు నెట్టే అలలవంటి కదలిక మందగిస్తుంది. పేగులను కదిలించే మోటిలిన్ అనే హార్మోను కూడా గర్భకాలంలో తగ్గుతుంది. 1980ల్లో ఊపిరిలో హైడ్రోజన్‌ను కొలిచే పరీక్షలు జరిపినప్పుడు, చిన్నపేగు గుండా ఆహారం ప్రయాణించే సమయం గర్భకాలంలో పెరిగి, కాన్పు తరువాత మళ్లీ తగ్గుతుందని తేలింది. ఈ మందగమనంతో ఆహారంలోని పోషకాలు మరింత సేపు శోషణకు అందుబాటులో ఉంటాయి. అదే మందగమనం పెద్దపేగులో మలబద్ధకంగా బయటపడుతుంది.

నీరు ఇంకిపోవడం: పెద్దపేగు ప్రధానంగా చేసే పని మలంలోని నీటిని, లవణాలను తిరిగి రక్తంలోకి పంపడం. మలం ఎంత సేపు నిలిస్తే అంత ఎండిపోతుంది. గర్భిణుల్లో ఆల్డోస్టిరాన్ హార్మోను పెరిగి ఈ శోషణను ఇంకా ఎక్కువ చేస్తుంది.

గర్భసంచి ఒత్తిడి: కటిభాగంలో పెరిగే గర్భసంచి పెద్దపేగు చివరి భాగాన్ని, పురీషనాళాన్ని పక్కకు నెడుతుంది. మలం కదలికకు దీనివల్ల కొంత ఆటంకం కలిగినా, హార్మోన్ల ప్రభావంతో పోలిస్తే దీని పాత్ర తక్కువ.

ఆహారం, దినచర్య: వేవిళ్లలో కూరలు, పప్పు సహించక చప్పటి అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లతో సరిపెట్టుకోవడం, వాంతులతో నీరు పోవడం తొలి నెలల్లో మలాన్ని గట్టిపరుస్తాయి. అలసట వల్ల నడక తగ్గుతుంది. అవసరం కలిగినా ఆపుకోవడం కూడా ముఖ్యమైన కారణమే. పొలం పనికి, దుకాణాల్లో కొలువుకు వెళ్లే స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గరలో లేకపోతే నీళ్లు తాగడమే తగ్గిస్తారు. ఇది స్త్రీల నిర్లక్ష్యం కాదు, పనిచేసే చోట సౌకర్యం లేకపోవడం. పీచు తినమని చెప్పినంత మాత్రాన ఇలాంటివారి సమస్య తీరదు.

ఇతర మందులు, రోగాలు: వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్సెట్రాన్, డాక్సిలమిన్, క్యాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, కొడీన్ వంటి నొప్పి మందులు పేగుల కదలికను తగ్గిస్తాయి. థైరాయిడ్ లోపం వల్ల కూడా మలబద్ధకం వస్తుంది కాబట్టి ఆ పరీక్ష చేయించి ఉండకపోతే చేయించడం అవసరం (చూ. హైపోథైరాయిడిజం).

ఐరన్ మాత్రలు, మలబద్ధకం

2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మంది రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా ఈ స్థితిలోనే ఉన్నారు. హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు లెక్క, 7 కంటే తగ్గితే అది తీవ్రమైనది (చూ. రక్తహీనత). 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ప్రతి గర్భిణికీ నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, ప్రసవం తరువాత మరో 180 రోజులు ఐరన్ ఫోలిక్ మాత్ర ఇస్తారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రక్తహీనత ఉన్నవారికి మోతాదు రెట్టింపవుతుంది.

ఇంత ఇనుములో శరీరం గ్రహించేది కొద్ది భాగమే. మిగిలింది పేగులోనే ఉండి లోపలి పొరను రేపుతుంది, అక్కడి సూక్ష్మజీవుల సమతుల్యాన్ని మారుస్తుంది. దాంతో కొందరికి మలబద్ధకం, కొందరికి విరేచనాలు, కడుపులో మంట, వికారం కలుగుతాయి. మలం నల్లబడటం చూసి లోపల రక్తం పోతోందని భయపడి మాత్ర ఆపేసినవారు చాలామంది. మాత్ర వల్ల మలం నలుపుగానో ముదురు ఆకుపచ్చగానో మారడం మామూలే. తారులా జిగటగా, విపరీతమైన దుర్వాసనతో, నల్లగా విరేచనమైతే మాత్రం అది రక్తస్రావానికి గుర్తు కావచ్చు కాబట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి.

మాత్ర పడటం లేదంటే మానేయడం కంటే వేసుకునే తీరు మార్చడం మేలు. పరగడుపున వేసుకుంటే ఇనుము ఎక్కువగా ఒంటపడుతుంది, కానీ పడనివారు భోజనమైన గంట తరువాతో, రాత్రి పడుకునే ముందో వేసుకోవచ్చు. టీ, కాఫీ, పాలతో కలిపి వేసుకోకూడదు. క్యాల్షియం మాత్రను కూడా ఇదే సమయంలో మింగకూడదు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి 14వ వారం నుంచి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున క్యాల్షియం ఇస్తారు. ఐరన్‌కు, దానికి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం, ఉసిరి, జామ వంటి సి విటమిన్ ఉన్నవి ఇనుము శోషణకు తోడ్పడతాయి.

ఇవన్నీ చేసినా ఇబ్బంది తగ్గకపోతే డాక్టరు వేరే ఐరన్ లవణానికి మార్చవచ్చు, మోతాదు సవరించవచ్చు, లేదా మలాన్ని మెత్తబరిచే మందును తోడుగా ఇవ్వవచ్చు. నోటి ద్వారా ఏ ఐరనూ పడని రక్తహీన గర్భిణులకు మొదటి త్రైమాసికం దాటాక ఐరన్ సుక్రోజ్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ వంటివి రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. వారానికి ఒక్కసారి 120 మిల్లీగ్రాముల ఇనుము ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది గానీ, అది గర్భిణుల్లో రక్తహీనత 20 శాతం కంటే తక్కువగా ఉన్న ప్రాంతాలకే. మన రాష్ట్రాలు ఆ కోవలోకి రావు. కాబట్టి రోజువారీ మాత్రను సొంతంగా వారానికోసారికి తగ్గించుకోవడం సరికాదు.

రకాలు

గర్భకాలపు మలబద్ధకాన్ని స్థూలంగా మూడు విధాలుగా చూస్తారు. గర్భంతోనే మొదలై కాన్పు తరువాత తగ్గిపోయేది మొదటి రకం. అంతకుముందే ఉండి గర్భంతో ఎక్కువైనది రెండోది, దీనికి మందుల అవసరం ఎక్కువగా ఉంటుంది. మందుల వల్లో, థైరాయిడ్ లోపం వంటి రోగం వల్లో వచ్చేది మూడోది. విసర్జన సమయంలో కటి కండరాలు వదులు కావలసిందిపోయి బిగుసుకునే రకం కూడా ఉంది. ఇలాంటివారికి పీచు, మందులు అంతగా పనిచేయవు, కండరాలను వదలడం నేర్పే ఫిజియోథెరపీ అవసరమవుతుంది.

నిర్ధారణ

ఎక్కువమందికి పరీక్షలేవీ అక్కర్లేదు. ఎన్ని రోజులకోసారి అవుతోంది, మలం ఎలా ఉంది, రక్తం పడుతోందా, ఏం తింటున్నారు, ఏ మాత్రలు వేసుకుంటున్నారు అని అడిగి, పొట్ట పరీక్షిస్తే చాలు. రక్తం పడుతుంటే మొలలా, చీలికా అన్నది మలద్వారం చూసి నిర్ణయిస్తారు. అవసరమైతే థైరాయిడ్, క్యాల్షియం, చక్కెర పరీక్షలు చేయిస్తారు. ఎక్స్‌రే, కొలనోస్కోపీ వంటివి పేగు అడ్డుపడిందన్న అనుమానం, తగ్గని రక్తస్రావం వంటి బలమైన కారణం ఉంటేనే చేస్తారు.

ఆహారం

చికిత్సలో మొదటి మెట్టు పీచు పెంచడం. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం 2,000 కేలరీల ఆహారంలో 30 గ్రాముల దాకా పీచు ఉండాలి. తెలుగువారి భోజనంలో ఇది అందకపోవడానికి ప్రధాన కారణం పాలిష్ బియ్యం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే. అదే తూకానికి జొన్నల్లో 10, రాగుల్లో 11, సజ్జల్లో 11, గోధుమపిండిలో 11 గ్రాముల పైచిలుకు ఉంటుంది. పొట్టుతో ఉన్న పెసల్లో 17, శనగల్లో 25, జామకాయలో 8 గ్రాములకు పైన ఉంటుంది.

రోజూ ఒక పూట అన్నం బదులు వంద గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టెలు తింటే అదనంగా ఏడు గ్రాముల పీచు చేరుతుంది. రాయలసీమ రాగి సంకటితోనూ దాదాపు అంతే, కాకపోతే సంకటిలో బియ్యం కలిసిన మేర పీచు తగ్గుతుంది. రాగి జావ తాగితే మలబద్ధకం పోతుందని చాలామంది నమ్ముతారు. గ్లాసు జావలో పడే పిండి రెండు మూడు చెంచాలే కాబట్టి అందులో పీచు కొద్దిగానే ఉంటుంది. లోపలికి నీరు పోవడమే దాని అసలు లాభం. పప్పులో తోటకూర, మునగాకు వంటివి వేయడం, గోరుచిక్కుడు, చిక్కుడు, బెండ కూరలు చేసుకోవడం, ఉడికించిన శనగలు, మొలకెత్తించి బాగా ఉడికించిన పెసలు తినడం, పండ్లను రసం తీయకుండా నమలడం సులువైన మార్పులు. నానబెట్టిన అంజీరు, ఎండుద్రాక్ష కూడా ఉపయోగపడతాయి, అయితే గర్భకాలపు మధుమేహం ఉన్నవారు వాటిని కొలతతో తీసుకోవాలి (చూ. గర్భకాలపు మధుమేహం).

పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాస్ వస్తాయి. వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి, దాంతోపాటు నీళ్లూ పెంచాలి. నీళ్లు తాగకుండా తవుడు, పొట్టు తింటే ప్రయోజనం లేకపోగా ఇబ్బంది ఎక్కువవుతుంది. ఆహారం మార్చినా గుణం కనిపించకపోతే గోధుమ తవుడు గానీ ఇతర పీచు పదార్థాలు గానీ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి గర్భిణీ సంరక్షణ సిఫారసుల్లో చెప్పింది. తవుడులోని ఫైటేట్లు ఇనుము శోషణను తగ్గిస్తాయి కాబట్టి తవుడును, ఐరన్ మాత్రను ఒకే సమయంలో తీసుకోకూడదు.

బొప్పాయి విషయంలో తెలుగు ఇళ్లలో భయం ఎక్కువ. పచ్చి, దోర కాయల్లోని పాలు ఎలుకల గర్భసంచిని సంకోచింపజేశాయని, బాగా పండిన బొప్పాయి రసానికి ఆ గుణం కనిపించలేదని 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగం తేల్చింది. పచ్చికాయ, దోరకాయ మానడం సబబే. పూర్తిగా పండిన బొప్పాయి హాని చేస్తుందనడానికి ఆధారం లేదు, ఇష్టం లేనివారికి జామ, బత్తాయి, అరటి ఎలాగూ ఉన్నాయి.

నీరు, వ్యాయామం, కూర్చునే తీరు

ఆహారంలో ఉన్నదానితో కలిపి గర్భిణికి రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నీరు కావాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. మూత్రం రంగు లేతగా ఉంటే నీరు సరిపోతోందని అర్థం. మజ్జిగ, కొబ్బరినీళ్లు, చారు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. డాక్టరు వద్దనకపోతే వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం గర్భిణులకు సిఫారసులో ఉంది. రోజూ సాయంత్రం అరగంట నడిచినా అది పూర్తవుతుంది.

కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం సహజ ప్రతిక్రియ. ఉదయం ఫలహారం తరువాత ఇది బలంగా ఉంటుంది కాబట్టి ఆ అరగంటలో, తొందర లేకుండా, మరుగుదొడ్డికి వెళ్లడం మంచిది. పది నిమిషాలు దాటి కూర్చోకూడదు, రాకపోతే లేచి మళ్లీ వెళ్లాలి. గొంతుక్కూర్చున్నప్పుడు పురీషనాళాన్ని కొక్కెంలా పట్టి ఉంచే కండరం వదులై దారి నిటారవుతుంది. నెలలు నిండినవారికి అలా కూర్చుని లేవడం కష్టం. కమోడ్ వాడేవారు పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కంటే పైకి వచ్చేలా, కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు తొడల మీద ఆనించి కొద్దిగా ముందుకు వంగితే అదే ఫలితం వస్తుంది. ఊపిరి బిగబట్టి ముక్కకుండా, నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ పొట్టను ముందుకు ఉబ్బించాలి. పీట కదలకుండా గోడకు ఆనించి ఉంచుకోవాలి, తడి నేల మీద జారితే ప్రమాదం.

మందులు

ఆహారం, అలవాట్లు మార్చినా తగ్గకపోతే మందులు వాడటానికి సంకోచించనక్కర్లేదు. మలబద్ధకానికి సాధారణంగా వాడే మందుల్లో చాలావరకు రక్తంలోకి అతి తక్కువగా చేరతాయి. అయితే గర్భిణుల మీద వీటిని పోల్చి చూసిన నాణ్యమైన ప్రయోగాలు తక్కువ. 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షకు పనికొచ్చిన సమాచారం రెండు అధ్యయనాల నుంచి, మొత్తం 180 మంది స్త్రీల నుంచి మాత్రమే దొరికింది. పీచు వల్ల విసర్జన సంఖ్య పెరిగిందని, పేగును ప్రేరేపించే మందులు పీచు కంటే బాగా పనిచేసినా కడుపునొప్పి, విరేచనాలు కూడా వాటితోనే ఎక్కువని ఆ సమీక్ష చెప్పింది. అందువల్ల మందుల వరుస ప్రయోగ ఫలితాల కంటే అనుభవం, భద్రతల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఇసబ్‌గోల్ పొట్టు: గుజరాత్, రాజస్థాన్‌లలో ఎక్కువగా పండే మొక్క గింజల పై పొర ఇది. నీటిని పీల్చి ఉబ్బి, మలాన్ని మెత్తగా, పరిమాణంలో పెద్దగా చేస్తుంది. రక్తంలోకి చేరదు. ఒకటి రెండు చెంచాల పొట్టును పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి చిక్కబడేలోగా తాగేసి, పైన మరో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డుపడవచ్చు. తాగిన వెంటనే పడుకోకూడదు. పనిచేయడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఐరన్, థైరాయిడ్ మాత్రలకు, దీనికి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.

లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్: ఇవి పేగులోకి నీటిని రప్పించి మలాన్ని మెత్తబరుస్తాయి. గర్భిణులకు పీచు తరువాత ఎక్కువగా రాసేది వీటినే. లాక్టులోజ్‌తో మొదట్లో కడుపు ఉబ్బరం, గ్యాస్ ఉంటాయి. ఫలితానికి ఒకటి రెండు రోజులు ఆగాలి.

బిసాకోడిల్, సునాముఖి: పేగు కండరాలను ప్రేరేపించే ఈ మందులు రాత్రి వేసుకుంటే ఉదయానికి పనిచేస్తాయి. ముందు చెప్పినవి చాలనప్పుడు, కొద్ది రోజులు, డాక్టరు సలహాతోనే వాడాలి. గట్టి మలం కింద అడ్డుపడి ఉన్నప్పుడు గ్లిజరిన్ సపోజిటరీ గంటలోపే ఉపశమనం ఇస్తుంది.

మిల్క్ ఆఫ్ మెగ్నీషియా: అప్పుడప్పుడు వాడవచ్చు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వాడకూడదు. లిక్విడ్ పారఫిన్ కలిసిన సిరప్పులను రోజుల తరబడి తాగితే కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటపట్టవు. ప్రూకలోప్రైడ్, లినాక్లోటైడ్ వంటి కొత్త మందుల భద్రతపై గర్భిణుల్లో సమాచారం చాలదు కాబట్టి వాటిని ఇవ్వరు.

వాడకూడనివి

కడుపు శుభ్రం కావడానికి ఆముదం తాగించడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. గర్భిణులకు ఇది పనికిరాదు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాల్లోనూ, గర్భసంచి కండరాల్లోనూ ఉండే ఒకే రకం ప్రోస్టాగ్లాండిన్ గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుందని 2012లో తేలింది. విరేచనంతోపాటు నొప్పులు మొదలయ్యే అవకాశం అందుకే ఉంది. సునాముఖి, కరక్కాయ వంటివి కలిసిన విరేచన చూర్ణాలలో ఏది ఎంత ఉందో తెలియకుండా వాడటం కూడా మంచిది కాదు. సోడియం ఫాస్ఫేట్ ఎనిమాలు ఒంట్లో లవణాల సమతుల్యాన్ని దెబ్బతీయవచ్చు. సబ్బు నీళ్లతో ఇంట్లో ఎనిమా చేసుకోకూడదు.

ఉపద్రవాలు

పదేపదే ముక్కడం వల్ల మలద్వారం చుట్టూ ఉన్న సిరలు ఉబ్బి మొలలవుతాయి. గర్భకాలంలో రక్త పరిమాణం పెరగడం, గర్భసంచి సిరలను నొక్కడం దీనికి తోడవుతాయి. చివరి త్రైమాసికంలోనూ, కాన్పయ్యాకా ఇవి ఎక్కువగా బాధపెడతాయి (చూ. మొలలు). గట్టి మలం ఒరుసుకుని చీలిక ఏర్పడితే విసర్జన సమయంలో కోసినట్టు నొప్పి, మలం మీద ఎర్రటి రక్తపు చార కనిపిస్తాయి. ఆ నొప్పికి భయపడి ఆపుకోవడం, ఆపుకోవడంతో మలం ఇంకా గట్టిపడటం ఒక వలయంగా మారుతుంది. రెంటికీ గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చోవడం, మలాన్ని మెత్తగా ఉంచడం, డాక్టరు రాసిన పూత మందు మొదటి చికిత్స. ఏళ్ల తరబడి ముక్కే అలవాటు కటి కండరాలను బలహీనపరుస్తుంది. మలబద్ధకం నేరుగా బిడ్డ ఎదుగుదలను దెబ్బతీయదు. ముక్కితే గర్భం జారిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

ఆస్పత్రికి వెళ్లవలసిన సందర్భాలు

కడుపు ఉబ్బి, వాంతులవుతూ, మలంతోపాటు గ్యాస్ కూడా పోవడం ఆగితే పేగు అడ్డుపడిందేమోనని అనుమానించాలి. ఇది అత్యవసరం. అరుదైనదే అయినా గర్భంతో పక్కకు జరిగిన పేగు మెలిపడటం వల్ల ఇలా జరగవచ్చు. ఆగకుండా వచ్చే కడుపునొప్పి, జ్వరం, ఎక్కువగా రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయకూడదు. ఆగి ఆగి వచ్చే నొప్పి మలబద్ధకం వల్లనేనని ఇంట్లో తేల్చేసుకోవడం ప్రమాదకరం. నెలలు నిండకముందే వచ్చే పురుటి నొప్పులు కూడా అలాగే, ముక్కాలనిపించేలా మొదలవుతాయి. నొప్పితోపాటు నడుము పట్టేయడం, ఉమ్మనీరు లేదా రక్తం కనిపించడం, బిడ్డ కదలిక తగ్గడం ఉంటే వెంటనే ప్రసూతి ఆస్పత్రికి వెళ్లాలి.

బాలింత దశ

ప్రసవం తరువాత రెండు మూడు రోజులు విరేచనం కాకపోవడం సాధారణం. కుట్ల నొప్పి, కుట్లు ఊడతాయన్న భయం, సిజేరియన్ తరువాత పేగుల కదలిక మందగించడం, నొప్పి మాత్రలు దీనికి కారణాలు. మలద్వారం కండరం దాకా చినిగి కుట్లు పడినవారికి మలం మెత్తగా ఉండేందుకు తప్పకుండా మందు ఇస్తారు. కుట్ల మీద శుభ్రమైన ప్యాడును చేత్తో మెల్లగా అదిమిపట్టి కూర్చుంటే నొప్పి తగ్గుతుంది.

తెలుగునాట చాలాచోట్ల పాటించే పత్యంలో బాలింతకు నీళ్లు తక్కువగా ఇస్తారు. ఆకుకూరలు, పండ్లు మాన్పించి వెల్లుల్లి కారం, వట్టి అన్నం పెడతారు. పాలిచ్చే తల్లికి నీరు ఎక్కువ కావలసిన రోజుల్లో, పేగులు ఇంకా కుదుటపడని రోజుల్లో జరిగే ఈ కట్టడి మలబద్ధకాన్ని, మొలలను పెంచుతుంది. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని అనుకోవడం నిజం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు వెల్లుల్లి కారం పెట్టినా దాంతోపాటు పప్పు, ఆకుకూర, పండు, కావలసినన్ని నీళ్లు ఇవ్వాలి. ఇసబ్‌గోల్, లాక్టులోజ్ తల్లిపాల ద్వారా బిడ్డకు చేరి హాని చేసే అవకాశం లేదు. కాన్పు తరువాత 180 రోజుల ఐరన్ మాత్రలు కూడా ఇదే సమయంలో మొదలవుతాయి. విరేచనం ఇబ్బందిగా ఉందని వాటిని ఆపాలనిపిస్తే, ఆపే ముందు ఆ మాట ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో, డాక్టరుకో చెప్పండి.